లండన్‌లో పెద్దవాళ్లతో తిరగాలంటే బస్సే మేలు

వచ్చే నెల అమ్మానాన్నలతో కలిసి వారం రోజులు లండన్‌లో ఉంటామని, తిరగడానికి అండర్‌గ్రౌండ్ రైలు మేలా, టాక్సీ మేలా అని మీరు అడిగారు. నా సమాధానం బస్సు. మా అమ్మానాన్నలు తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మా ఇంట్లో రెండు నెలలు ఉండి వెళ్లాక ఈ విషయంలో నాకు సందేహమేమీ మిగలలేదు.

మొదట్లో నేను కూడా అందరిలాగే రైలు మ్యాపును నమ్ముకున్నాను. 1933లో తొలిసారి అచ్చయిన హ్యారీ బెక్ గీసిన నమూనాలోనే ఆ మ్యాపు నేటికీ వస్తోంది. దారులు తేలిగ్గా అర్థం కావాలని ఆయన స్టేషన్ల మధ్య అసలు దూరాలను పక్కన పెట్టారు. ఆ సంగతి తెలియక లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు అమ్మానాన్నలను రైల్లో తీసుకెళ్లాను. నడిచి వెళితే ఆ రెంటి మధ్య కొద్ది నిమిషాల దారే. కోవెంట్ గార్డెన్‌లో ఎస్కలేటర్ లేదు, పైకి రావాలంటే లిఫ్టు, లేకపోతే 193 మెట్లున్న గుండ్రటి మెట్లదారి. ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. "అలిపిరి నుంచి కొండెక్కినవాణ్ని, నాకిదెంత?" అంటూ నాన్నగారు మెట్లదారి పట్టారు. "ఏమండీ, ఈ వయసులో ఎందుకండీ పంతాలు" అని అమ్మ అంటూనే ఉంది. మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆమెను వదిలి నేను వెంట వెళ్లలేకపోయాను. మేము లిఫ్టులో పైకి వచ్చేసరికి ఆయన గేట్లకు ఇవతల గోడకు ఆనుకుని, చొక్కా పై గుండీ విప్పుకుని, మాట రాక చెయ్యి మాత్రం ఊపారు. నాకు గుండె జారినంత పనైంది.

ఆ ఆయాసంలోనే ఇంకో పొరపాటు జరిగింది. ఎక్కేటప్పుడు ఛార్జీ కోసం గేటు దగ్గరి యంత్రానికి ఫోను తాకించిన ఆయన, బయటికి వచ్చేటప్పుడు జేబులోని బ్యాంకు కార్డు తాకించారు. రెండూ ఒకే ఖాతావైనా యంత్రానికి అవి ఇద్దరు వేర్వేరు మనుషుల కింద లెక్క, అందుచేత రెండు అసంపూర్తి ప్రయాణాలకూ గరిష్ఠ ఛార్జీ పడింది. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలని, ఎక్కేటప్పుడు ఏది తాకిస్తే దిగేటప్పుడూ అదే తాకించాలని ఊరి నుంచి వచ్చేవాళ్లకు ముందే చెప్పే బంధువు ఒక్కరైనా ఉండరు. ఏ హోటల్లో దోసె బాగుంటుందో మాత్రం పది మంది చెబుతారు.

ఆ రాత్రి నల్ల టాక్సీ ఎక్కి టవర్ హిల్ దాకా వచ్చాం. నగరం నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలోని వేలాది వీధులను కంఠతా పట్టి, 'ద నాలెడ్జ్' అనే పరీక్ష నెగ్గినవాళ్లకే లండన్ అంతటా ఈ టాక్సీ నడిపే అనుమతికి గుర్తైన పచ్చ బ్యాడ్జీ ఇస్తారు. ఆ పరీక్ష 1865 నుంచి ఉంది. మా డ్రైవరు ఒక్కసారి కూడా ఫోను చూడలేదు, అమ్మ కుంటడం గమనించి తనే దిగి ర్యాంపు వేశాడు. అయితే ట్రాఫిక్‌లో బండి కదలకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రోజూ దాని మీద ఆధారపడలేం. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: వీధిలో చెయ్యెత్తి ఆపదగింది నల్ల టాక్సీనే, మినీక్యాబ్ అనే ప్రైవేటు అద్దె కారు అయితే ముందే బుక్ చేసుకోవాలి. బుకింగ్ లేకుండా పక్కన ఆపి రమ్మన్న కారులో ఎక్కకండి.

మర్నాటి నుంచి బస్సులే. మొత్తం 272 అండర్‌గ్రౌండ్ స్టేషన్లలో మెట్లు లేకుండా ప్లాట్‌ఫారం చేరగలిగినవి సుమారు మూడో వంతు మాత్రమే, బస్సు నేల మాత్రం ఎక్కడైనా కాలిబాట ఎత్తుకు దగ్గరగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒక్కసారి కార్డు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. 2014 నుంచి బస్సులో నోట్లు, చిల్లర తీసుకోవడం లేదు. మేము తిరిగినప్పుడు ఛార్జీ 1.75 పౌండ్లు, అదే కార్డుతో గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే.

మీరు 15వ నంబరు బస్సు తప్పక ఎక్కించండి. టవర్ ఆఫ్ లండన్ కోట, సెయింట్ పాల్స్ చర్చి, ఒకప్పటి పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్ అన్నీ కిటికీలోంచే చూడవచ్చు. అమ్మ కింద తలుపు దగ్గర పెద్దవాళ్ల సీట్లో కూర్చునేది. నాన్నగారు పైన ముందు వరుసలో కూర్చుని, హైదరాబాద్‌లో ఒకప్పుడు తాను ఎక్కిన డబుల్ డెక్కర్ గురించి చెప్పేవారు. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఎక్కడికి వెళదామని అడిగితే, ఎక్కడా దిగనక్కర్లేదు, మళ్లీ 15 ఎక్కుదామన్నారు.