నాలుగు ఈఎల్34లలో ఒకటే ఎర్రగా కనిపిస్తోంది, సెట్టు మొత్తం మార్చాలా?

మీ ప్రశ్న రెండు ముక్కల్లో: ట్యూబ్ యాంప్‌లో నాలుగు ఈఎల్34లు, అంటే స్పీకర్లకు పవర్ ఇచ్చే ట్యూబులు ఉన్నాయి, ఒకదాని పక్క భాగం ఎర్రగా కాలుతోంది. "ట్యూబ్ అన్నాక వెలగదా" అని ఇంట్లోవాళ్లు, నాలుగూ మార్చేయమని షాపువాళ్లు. ముందు యాంప్ ఆపేయండి. కారణం తేలేదాకా పాటలు వద్దు.

ట్యూబ్ వెలగడం నిజమే, కానీ ఏది వెలుగుతోందన్నదే అసలు సంగతి. గదిలో లైట్లు ఆర్పి పక్క నుంచి చూడండి. లోపల సందుల్లోంచి కనిపించే నారింజ రంగు హీటర్‌ది, అది ఉండాల్సిందే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు రేకు డబ్బా ప్లేటు. అది ఎప్పుడూ వెలగకూడదు. మొదట రేకు మీద ఒకచోట రూపాయి బిళ్లంత ముదురు ఎరుపు మచ్చ వస్తుంది, పట్టపగలైతే అది కంటికి ఆనదు కూడా. గాజు లోపలి గోడ మీద నీలం మెరుపు చూసి కొందరు కంగారు పడతారు, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ప్లేటు లోపల ఊదారంగు పొగలా కమ్మితే మాత్రం గ్యాస్ చేరినట్టు. గాజు లోపలి వెండి పూత తెల్లబడితే గాలి దూరింది, ఇక ఆ ట్యూబ్ పని అయిపోయింది.

వేడిని బట్టి ఏమీ చెప్పలేం. హీటర్ ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు లాగుతుంది. అంటే పాట మొదలవకముందే దాదాపు తొమ్మిదిన్నర వాట్లు. చెయ్యి కాలడం మామూలే.

ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. ప్లేటుకి అందే హై వోల్టేజీ (హెచ్‌టీ) 430 వోల్టులుండి 40 మిల్లీ ఆంపియర్లు పారితే 17 వాట్లు, హాయిగా నడుస్తుంది. అదే 70 అయితే 30 వాట్లు, ఎర్రబడక ఏం చేస్తుంది? ఆ కరెంటుకు కళ్లెం వేసేది ట్యూబ్ లోపలి సన్నటి తీగల వల, అంటే గ్రిడ్ మీది మైనస్ వోల్టేజీ, అదే బయాస్. అందుకే తప్పు చాలాసార్లు ట్యూబ్‌లో ఉండదు, దాని వెనకాల ఉంటుంది.

ట్యూబులు జంటలుగా పనిచేసే నా పుష్‌పుల్ యాంప్‌లోనూ ఇదే జరిగింది. చల్లారాక ఎర్రబడ్డ ట్యూబ్‌ని పక్కదానితో మార్చి పెట్టి, స్పీకర్లు తగిలించే ఉంచి ఆన్ చేశాను. ఈసారి కొత్తగా వచ్చిన ట్యూబ్ ఎర్రబడింది, జబ్బు సాకెట్‌నే పట్టుకుని ఉంది. మచ్చ కనిపించగానే ఆపేసి, పవర్ ట్యూబులన్నీ తీసేసి గ్రిడ్ ఉండే ఐదో పిన్ను కొలిస్తే మిగతా సాకెట్లలో మైనస్ 36, ఇక్కడ మైనస్ 24. ముందు దశ నుంచి పాటను మాత్రం గ్రిడ్‌కి పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ ఒక కాలు ఊడదీయగానే అదీ మైనస్ 36కి వచ్చేసింది. తమాషా ఏంటంటే, ఆ కెపాసిటర్ మల్టీమీటర్‌లో బాగానే ఉన్నట్టు చూపించింది. మీటర్ పెట్టే కొద్ది వోల్టులకు లీక్ బయటపడదు, రెండు మూడు వందలు పడితేనే కారుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో 630 వోల్టుల పాలీప్రొపిలీన్‌ది తెచ్చి వేశాను. ఎర్రబడ్డ ట్యూబులు రెండూ ఇప్పటికీ పాడుతున్నాయి. ఆ రోజు కొత్త సెట్టు కొనుంటే అందులో ఒకటి అదే సాకెట్‌లో కాలిపోయేది.

ఎరుపు ట్యూబ్‌తో పాటే కదిలితే ట్యూబ్‌దే దోషం. నాలుగూ ఎర్రబడితే బయాస్ సప్లై చూడాలి. ఐదో పిన్ను వదులైనా ఇదే గొడవ. కాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) దగ్గరి రెసిస్టరే బయాస్ ఇచ్చే కాథోడ్ బయాస్ యాంప్ అయితే, అక్కడి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ షార్ట్ అయిందేమో చూడండి. పాత 220 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ని 245 వచ్చే లైన్‌కి తగిలిస్తే హెచ్‌టీ, హీటర్ రెండూ పదో వంతు పైకి పోతాయి, అదీ ఒకసారి కొలవండి.

లోపల నాలుగైదు వందల వోల్టులుంటాయి, ప్లగ్ పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచే ఉంటాయి. అలవాటు లేకపోతే ట్యూబులు మార్చి చూడటం వరకే మీరు చేసి, కొలతలు మెకానిక్‌కి వదిలేయండి. మార్చాక ఎరుపు ఎటు పోయిందో, మీది ఏ రకం బయాసో ఇక్కడే రాస్తే తర్వాత ఎక్కడ చూడాలో చెప్తాను.