ఆపరేషన్ తర్వాత అచ్చం ఆడవాళ్లలాగే ఉంటుందా?

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 26. మాది హనుమకొండ. మగపిల్లాడిగా పెంచారు కానీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆడపిల్లనే. మగ్గం వర్క్ చేసుకుని బతుకుతున్నాను. రెండేళ్లుగా హార్మోన్లు వాడుతున్నాను. మొదట్లో కొన్నాళ్లు మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని వేసుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక డాక్టర్‌కు చూపించుకుంటున్నాను. కింది ఆపరేషన్ కోసం డబ్బు కూడబెడుతున్నాను. మా గురువేమో నిర్వాణం చేయించుకుంటే చాలు, అంత ఖర్చు ఎందుకంటోంది. నన్ను ప్రేమించిన అబ్బాయికి నా సంగతి మొత్తం తెలుసు. అయితే ఆపరేషన్ తర్వాత ఏ తేడా కనిపించకుండా అచ్చం ఆడవాళ్లలాగే ఉంటేనే పెళ్లి అంటున్నాడు. నిజంగా అలా ఉంటుందా? సుఖం తెలుస్తుందా? పిల్లలు పుట్టే అవకాశం ఏమైనా ఉందా? బతుకమ్మ నాటికి కోలుకుంటానా? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు రాయవద్దు)

జవాబు: అమ్మా, ముందు మీ గురువు చెప్పిన మాట గురించి మాట్లాడుకుందాం. అక్కడ తొందరపడితే, ఆ తర్వాత నేను చెప్పేవాటిలో చాలావరకు మీకు అందకుండా పోతాయి.

నిర్వాణంలో పురుషాంగాన్ని, వృషణాలను, వాటి సంచిని తీసేస్తారు. మూత్రం పోవడానికి రంధ్రం ఉంచి కుట్లు వేస్తారు. యోనిని తయారుచేయరు. ఒకప్పుడు ఇది దాయమ్మ, అంటే హిజ్రాల్లోనే ఈ పని చేసే పెద్దావిడ చేతుల మీద జరిగేది. రక్తం పోయి, చీము పట్టి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు చిన్న చిన్న ఆసుపత్రుల్లోనూ గుట్టుగా చేస్తున్నారు. అలా చేయించుకుని, కొన్ని నెలలకే మూత్ర రంధ్రం సన్నబడి, చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ నా దగ్గరకు వచ్చినవాళ్లను చూశాను. అంతకన్నా బాధపెట్టే సంగతి ఇంకోటుంది. మీరు డబ్బు కూడబెడుతున్న వెజైనోప్లాస్టీలో, అంటే కొత్తగా యోనిని తయారుచేసే ఆపరేషన్‌లో, యోని లోపలి గోడను ఎక్కువగా పురుషాంగం చర్మంతోనే తయారుచేస్తాం. బయటి పెదవులకు వృషణాల సంచి చర్మం వాడతాం. మీరు మగ్గం పని చేస్తారు కదా, బట్ట లేకుండా జాకెట్టు కుట్టలేమని మీకు వేరే చెప్పక్కర్లేదు. నిర్వాణంలో ఆ బట్టనే కోసి పారేస్తారు. తర్వాత యోని కావాలంటే తొడ నుంచో, పొట్ట లోపలి పొర నుంచో, పేగు నుంచో తెచ్చుకోవాలి. ఆపరేషన్ పెద్దదవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. మీ గురువు మీ మేలు కోరే చెప్పి ఉంటుంది. ఆమె కాలంలో ఇంకో దారి లేదు. మీకు ఉంది.

ఇక అచ్చం ఆడవాళ్లలాగే ఉంటుందా అన్నది. బయటి రూపం వరకైతే, అనుభవం ఉన్న సర్జన్ చేస్తే చాలా సహజంగా వస్తుంది. పురుషాంగం కొసభాగంలో కొంచెం ముక్కను దాని నరాలు, రక్తనాళాలు తెగకుండా ఉంచి యోనిశీర్షంగా (క్లిటోరిస్) మలుస్తారు. మూత్రనాళాన్ని కుదించి కిందికి తెస్తారు. మూత్రాశయానికీ పురీషనాళానికీ మధ్య చోటు చేసి అక్కడ యోనిని అమరుస్తారు. లోతు సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఎవరికి ఎంత వస్తుందన్నది వాళ్ల చర్మాన్ని, కటి ఎముకల అమరికను బట్టి ఉంటుంది. చిన్నప్పుడు సున్తీ అయినవాళ్లకు చర్మం కొంత తక్కువగా దొరుకుతుంది. సెంటీమీటర్ల గురించి అంత బెంగ అక్కర్లేదు. పుట్టుకతో స్త్రీలైనవాళ్లకు కూడా మామూలు స్థితిలో సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో చూసిన ఫొటోలు మాత్రం మనసులో పెట్టుకోకండి. అవి బాగా వచ్చినవి ఏరి పెట్టినవి, అదీ ఏడాది గడిచాక తీసినవి. మీరు మొదటి వారం కట్టు విప్పి అద్దంలో చూసుకుంటే వాపు, కమిలిన నీలిరంగు, కుట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. ఒకవైపు పెదవి ఇంకో వైపు కన్నా లావుగా ఉండొచ్చు. మూత్రం ఒక ధారగా రాక పక్కలకు చిందుతుంది. చాలామంది ఆ రోజు ఏడుస్తారు. నా బతుకు ఇంతేనా అని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు. వాపులో ఎక్కువ భాగం రెండు మూడు నెలల్లో దిగిపోతుంది. అసలు రూపం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పెదవుల ఆకారం సరిచేయడానికి ఇంకో చిన్న ఆపరేషన్ అవసరం కావడం కూడా మామూలే. మొదటిది పాడైందని దాని అర్థం కాదు. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు దానికీ కొంత పక్కన పెట్టండి.

రూపం వచ్చినా రానివి కొన్ని ఉన్నాయి. గర్భసంచి, అండాశయాలు ఉండవు కాబట్టి నెలసరి రాదు, గర్భం రాదు. పురుషాంగం చర్మంతో చేసిన యోనిలో తడి దానంతట అది ఊరదు. కలయిక సమయంలో నీటి ఆధారంగా తయారైన జెల్లీ ఎప్పుడూ వాడాల్సిందే. పేగుతో చేస్తే తడి ఉంటుంది. కానీ మీకు అక్కర్లేనప్పుడు కూడా స్రావం వస్తూనే ఉంటుంది, ప్యాడ్ పెట్టుకోవాల్సి రావచ్చు, పొట్ట ఆపరేషన్‌కు ఉండే ప్రమాదాలు అదనం. ఈ ఆపరేషన్‌తో గొంతు మారదు, రొమ్ములు పెరగవు. ప్రోస్టేట్ గ్రంథిని తీయరు. తీస్తే మూత్రం ఆపుకోలేని ఇబ్బంది వచ్చే ప్రమాదం ఉంది. అందుకే రేపు 55 ఏళ్ల వయసులో మూత్రం సమస్య వచ్చి కొత్త డాక్టర్ దగ్గరకు వెళ్తే, మీకు ప్రోస్టేట్ ఉందని మీరే చెప్పాలి.

సుఖం గురించి మీరు మొహమాటపడుతూ ఒక్క ముక్కలో అడిగారు. మొహమాటం అక్కర్లేదు, ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. నరాలు నిలిస్తే స్పర్శ నిలుస్తుంది. మొదటి నెలల్లో కొంత మేర మొద్దుబారినట్టుంటుంది, మధ్యమధ్య కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. నరం కోలుకుంటున్న లక్షణమది, భయపడకండి. ప్రచురితమైన అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఏడెనిమిది మంది భావప్రాప్తి పొందుతున్నామని చెప్పారు. అది మునుపటిలా ఉండదు. నెమ్మదిగా వస్తుంది, ఒళ్లంతా పాకుతుందని చెప్పినవాళ్లు ఎక్కువ. దాన్ని మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. మిగిలిన ఇద్దరు ముగ్గురిలో మీరు ఉండరని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. ఇస్తే ఆ డాక్టర్ దగ్గర చేయించుకోకండి.

ఇప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పని సంగతికి వస్తాను. అది డైలేటర్. శరీరం దృష్టిలో కొత్త యోని ఒక గాయం, దాన్ని మూసేయాలని చూస్తుంది. అలా మూసుకోకుండా ప్లాస్టిక్‌తోనో సిలికాన్‌తోనో చేసిన గుండ్రటి కడ్డీలను, సన్నవి మొదలుకొని లావువి దాకా, లోపల పెట్టి ఉంచాలి. మొదటి మూడు నెలలు రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ పావుగంట నుంచి అరగంట. తర్వాత సర్జన్ చెప్పినట్టు తగ్గిస్తూ పోతారు. ఏడాది దాటాక వారానికి ఒకటి రెండుసార్లు, అది జీవితాంతం. ఇందులో అశ్రద్ధ చేస్తే ఎంత గొప్ప సర్జన్ చేసిన యోని అయినా కుంచించుకుపోతుంది. ఒకసారి పూర్తిగా మూసుకుపోతే మళ్లీ తెరవడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం.

అందుకే నా దగ్గరకు వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది, మీరు ఎక్కడ ఉంటారని. గడియ పెట్టుకోగల గది ఉందా? బాత్రూమ్ ఇంట్లోనే ఉందా, వాకిట్లో నలుగురికీ కలిపి ఉందా? ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట రోజుకు మూడుసార్లు అరగంట ఏకాంతం ఎలా దొరుకుతుంది? మొదటి రెండు వారాలు అన్నం వండిపెట్టేదెవరు? అమ్మానాన్నలతో మాటల్లేని పిల్లలకు ఈ ప్రశ్నలు ముల్లులా గుచ్చుకుంటాయని తెలుసు. అయినా అడుగుతాను. ఆపరేషన్ థియేటర్‌లో అంతా సవ్యంగా జరిగి, ఇంట్లో చోటు లేక పాడైన కేసులు చూశాను కాబట్టి. మీ డబ్బులో ఆరు నెలల ప్రత్యేక గది అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

ఆ గదిలో అన్ని గంటలు గడపడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. లోపలి దారి లేకుండా బయటి రూపం, యోనిశీర్షం మాత్రమే చేయడం. డైలేటర్ అవసరం లేదు, ప్రమాదాలు తక్కువ, కోలుకోవడం త్వరగా. కలయికకు మాత్రం వీలుండదు. ఇది తక్కువ రకం ఆపరేషనేమీ కాదు, ఆలోచించి ఎంచుకున్నవాళ్లు హాయిగా ఉన్నారు. ఇలాంటిది ఒకటుందని మీ సర్జన్ మీకు చెప్పాడో లేదో అడగండి.

ప్రమాదాలు దాచను. రక్తస్రావం, కుట్లు విడిపోవడం, మూత్రనాళం సన్నబడటం, యోని ఇరుకవడం వంటివి జరుగుతుంటాయి. పురీషనాళానికి రంధ్రం పడి మలం యోనిలోంచి రావడం అరుదు, నూటికి ఒకరిద్దరిలో. అయితే జరిగితే మళ్లీ ఆపరేషన్ తప్పదు. సిగరెట్, బీడీ, గుట్కా, తంబాకు ఏది అలవాటున్నా ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందే పూర్తిగా మానండి. నికోటిన్ చిన్న రక్తనాళాలను బిగించేస్తుంది, అతికించిన చర్మం నల్లబడి చచ్చిపోతుంది. గర్భనిరోధక మాత్రల జోలికి మళ్లీ వెళ్లకండి. వాటిలో ఉండే రకం ఈస్ట్రోజన్‌తో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. డాక్టర్ రాసిన హార్మోన్ మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగాలి. వృషణాలు తీసేశాక అది కూడా లేకపోతే ఎముకలు గుల్లబారతాయి.

పిల్లల గురించి ఒక మాట. మీరు గర్భం మోయలేరు, ఈ ఆపరేషన్ తర్వాత మీ బీజంతో బిడ్డ పుట్టే అవకాశం కూడా శాశ్వతంగా పోతుంది. ముందే వీర్యాన్ని భద్రపరుచుకునే వీలుంది. రెండేళ్ల హార్మోన్ల తర్వాత కణాల సంఖ్య పడిపోయి ఉంటుంది, కాబట్టి ఒకసారి పరీక్ష చేయించుకోండి. వద్దనుకుంటే వద్దు, కానీ తెలిసి వద్దనుకోండి.

ఆ అబ్బాయి పెట్టిన షరతు నన్ను కలవరపెట్టింది. మామూలు కలయికలో తేడా తెలియకపోవచ్చు. చాలామంది భాగస్వాములు తెలియలేదనే చెబుతారు. గైనకాలజిస్ట్ పరీక్షిస్తే తెలుస్తుంది, జెల్లీ ఎందుకు, డైలేటర్ ఎందుకు అని ఒక ఇంట్లో ఉండే మనిషికి తెలుస్తుంది. ఏ తేడా లేకుండా అన్న మాటకు ఏ సర్జనూ కొలత చూపించలేడు. రేపు చిన్న మచ్చ కనిపించినా మీరు పరీక్ష తప్పినట్టే అవుతుందా? ఆ అబ్బాయి మీ జీవితంలో లేకపోయినా మీకు ఈ ఆపరేషన్ కావాలా అని మిమ్మల్ని మీరు అడగండి. స్నానం చేసేటప్పుడు, బట్టలు మార్చుకునేటప్పుడు నా ఒంటిని చూసుకుని నాకు ఊపిరాడాలి అనే కోరిక మీదైతే, ఈ ఆపరేషన్ దాన్ని తీరుస్తుంది. 2021లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 27 అధ్యయనాల్లోని 7,928 మంది వివరాలు కలిపి చూస్తే, జెండర్ ఆపరేషన్ చేయించుకుని పశ్చాత్తాపపడినవాళ్లు నూటికి ఒకరు. అతను ఉండిపోవాలన్నది అసలు కోరికైతే, అది కత్తితో తీరేది కాదు. వీలైతే అతన్ని కూడా ఒకసారి డాక్టర్ దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ గదిలో అతను ఏం అడుగుతాడో వినండి, మీకే చాలా తెలుస్తుంది.

అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, 2022 నాటి తాజా ముద్రణలో, ఈ ఆపరేషన్‌కు ముందు కనీసం ఆరు నెలల హార్మోన్ వాడకం, నిపుణుల అంచనా పత్రం ఉండాలి. మానసిక వైద్యుల కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. మిమ్మల్ని మార్చడానికి కాదు వాళ్లు, మీరు ఏం ఆశిస్తున్నారో విడమరిచి చూడటానికి. డబ్బు విషయంలో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం వచ్చిన 2019 చట్టం ప్రభుత్వమే ఈ చికిత్సలకు ఏర్పాట్లు చేయాలంటోంది. 2022లో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల బీమా అని కేంద్రం ప్రకటించింది. మీరు అనుకుంటున్న ఆసుపత్రి దాని కింద చేస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. సర్జన్‌ను అడగాల్సినవి కూడా రాసుకుని వెళ్లండి. ఇప్పటివరకు ఎన్ని చేశారు, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది, నేను వరంగల్‌లో ఉండగా రాత్రిపూట రక్తస్రావమైతే ఎవరికి ఫోన్ చేయాలి. విసుక్కోకుండా జవాబిచ్చేవారిని ఎంచుకోండి.

డిశ్చార్జి అయిన వెంటనే కాజీపేట రైలెక్కకండి. రెండు మూడు వారాలు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. ఆరు వారాలు బరువులెత్తకూడదు. మగ్గం ముందు గంటల తరబడి కూర్చునే పని రెండు నెలలు మానాలి. కలయిక మూడు నెలల తర్వాత, అదీ సర్జన్ సరేనన్నాక, కండోమ్‌తో. జ్వరం, ఆగని రక్తం, మూత్రం బంద్ కావడం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు.

ఇక బతుకమ్మ. యోని లోపలికి వెళ్లే చర్మం మీద వెంట్రుకలు ముందే లేజర్‌తోనో ఎలక్ట్రాలసిస్‌తోనో తీయించాలి. లేకపోతే లోపల పెరిగి ఇన్ఫెక్షన్లు వస్తాయి. నెల, నెలన్నర విరామంతో చాలా సిట్టింగులు కావాలి, సులభంగా ఎనిమిది నెలలు దాటుతుంది. ఆ తర్వాత ఆపరేషన్, ఆపైన మూడు నెలలైతే గానీ చప్పట్లు కొడుతూ గంటల కొద్దీ వంగి లేస్తూ ఆడలేరు. కాబట్టి ఈ ఏడు సద్దుల బతుకమ్మ లోపు అన్న తొందర పెట్టుకోకండి. ఈ ఏడు కూడా పూలు పేర్చుకుని, వేయిస్తంభాల గుడి దగ్గరో పద్మాక్షి గుట్ట దగ్గరో ఎప్పటిలాగే ఆడండి, దానికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. వెంట్రుకలు తీయించే పని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఏ భాగంలో తీయాలో గీత గీసి ఇమ్మని ముందు సర్జన్‌నే అడగండి.

– ప్లాస్టిక్ సర్జన్, హనుమకొండ