దాడి ఎవరిది, విషాదం ఎవరిది?

ప్రశ్న: విదేశీ యుద్ధ వార్తల్లో ఒక పక్షం వాళ్లను 'చంపారు' అనీ, మరో పక్షం వాళ్లు 'మరణించారు' అనీ రాస్తున్నారు. ఇది కావాలని చేస్తున్నదా, తెలుగులోకి మార్చేటప్పుడు దొర్లుతున్నదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తెలుగు డెస్కు బాధ్యత కొంత ఉంది. మన పత్రికల్లో కనిపించే విదేశీ వార్తల్లో చాలా భాగం రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), ఏఎఫ్‌పీ వంటి విదేశీ వార్తా సంస్థల నుంచి నేరుగానో, మన దేశ వార్తా సంస్థ పీటీఐ ద్వారానో వస్తుంది. ఎడిషన్ వేళ ముంచుకొస్తున్నప్పుడు అందులో కర్త ఎక్కడ జారిపోయాడో వెతికే తీరిక ఉపసంపాదకుడికి ఉండదు. 'వైమానిక దాడిలో ఇరవై మంది మృతి' అన్న శీర్షిక మనకు ఎంత అలవాటైపోయిందంటే, దాడి చేసిందెవరన్న ప్రశ్న చదివేవారికి కూడా తట్టదు.

అయితే అసలు ఎంపిక అంతకు ముందే జరిగిపోతుంది. 1983 సెప్టెంబర్ 1న సోవియట్ యుద్ధ విమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేయగా 269 మంది చనిపోయారు. 1988 జులై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చివేయగా 290 మంది చనిపోయారు. అమెరికా అధ్యక్షుడు రీగన్ మొదటిదాన్ని ఊచకోత అన్నారు. రెండోదాన్ని ఘోరమైన మానవ విషాదమంటూనే, తమ నౌక తీసుకున్నది సరైన రక్షణ చర్య అని ప్రకటించారు. అమెరికా పత్రికలు ఈ రెండింటినీ ఎట్లా రాశాయో రాబర్ట్ ఎంట్‌మన్ అనే పరిశోధకుడు 1991లో పోల్చి చూపారు. మొదటి వార్త నేరస్థుల కథగా నడిచింది, రెండోది యంత్రాల, పొరపాట్ల కథగా నడిచింది. రెండు ఘటనల పరిస్థితులు ఒకటి కావన్నది నిజమే. కానీ గూఢచారి విమానమనుకున్నామన్న సోవియట్ వాదనకు దక్కని సందేహలాభం, శత్రు విమానమనుకున్నామన్న అమెరికా వాదనకు సులువుగా దక్కింది. ఇందుకు ఒక్క అబద్ధం కూడా రాయవలసిన పని లేకపోయింది.

వరంగల్ పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పోలీసు ప్రకటనలోని 'ఎదురుకాల్పులు' అన్న మాట మరునాటి పత్రికలో ఉల్లేఖన చిహ్నాలు లేకుండా అచ్చయిందంటే, రెండు వైపులా తుపాకులు పేలాయన్న వాదన విచారణ మొదలుకాకముందే వాస్తవమైపోతుంది.

ఇదంతా ఎవరో ఆదేశిస్తేనే జరగాలని లేదు. ఆదేశించిన సందర్భాలూ ఉన్నాయి: ఉక్రెయిన్‌పై దాడిని 'ప్రత్యేక సైనిక చర్య' అని పిలిచిన రష్యా, సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' ఇచ్చేవారికి పదిహేనేళ్ల దాకా జైలుశిక్ష పడేలా 2022 మార్చిలో చట్టమే చేసింది.

ప్రశ్న: 1948లో హైదరాబాద్ సంస్థానంలోకి ట్యాంకులతో వచ్చినది భారత సైన్యమైతే, దాన్ని 'పోలీసు చర్య' అని ఎందుకన్నారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: యుద్ధమంటే రెండు రాజ్యాల మధ్య వ్యవహారం, పోలీసు చర్య అంటే ఇంటిలోపలి శాంతిభద్రతల వ్యవహారం. హైదరాబాద్ 1948 ఆగస్టులోనే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉన్నందున, ఆ తేడా ఢిల్లీకి చాలా అవసరమైంది. సెప్టెంబర్ 13న సైన్యం సరిహద్దు దాటింది, 16న పారిస్‌లో మండలి ఫిర్యాదును చర్చకు తీసుకుంది, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. రజాకార్ల దౌర్జన్యాలు చవిచూసిన పల్లెలకు సైన్యం రాక ఊరట కాదని నేననడం లేదు. ఆ పేరు ఏ పని చేసిందో మాత్రమే చెబుతున్నాను.

ఆ పేరు అప్పటికే వాడుకలో ఉన్నదే. 1947 జులైలో తన పాత వలస ఇండోనేషియాపై సైన్యాన్ని నడిపిన డచ్చి (నెదర్లాండ్స్) ప్రభుత్వం కూడా దాన్ని పోలీసు చర్య అనే పిలిచి, తన అంతర్గత విషయమని వాదించింది. ఆ వాదనను ఒప్పుకోకుండా వ్యవహారాన్ని భద్రతా మండలి ముందు పెట్టిన దేశాలు ఆస్ట్రేలియా, భారత్. హైదరాబాద్ విషయంలో తాను వాదించినదాన్నే ఇండోనేషియా విషయంలో ఢిల్లీ తోసిపుచ్చింది. 1949 జనవరిలో, డచ్చి వారి రెండో 'పోలీసు చర్య' తర్వాత, నెహ్రూ అదే అంశంపై ఢిల్లీలో అంతర్జాతీయ సమావేశమే జరిపారు.

మరుసటి సంవత్సరం కొరియాలో అమెరికా సైనికులు దిగినప్పుడు కూడా ఇదే మాట వచ్చింది. చివరికి ముప్పై వేలకు పైగా అమెరికన్లు చనిపోయిన ఆ యుద్ధాన్ని, ఐక్యరాజ్య సమితి కింద జరుగుతున్న పోలీసు చర్య అనవచ్చా అని 1950 జూన్ 29న ఒక విలేకరే ప్రశ్నలో మాట అందించాడు. సరిగ్గా అదేనని అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జవాబిచ్చారు.