రెండు రోజులుంటే తరంగంబాడి వెళ్లండి, శుక్రవారం మాత్రం వద్దు

చెన్నై నుంచి తీరం వెంట రెండు రోజులు తిరిగి పాత కోటలు చూడాలని ఉంది, ట్రాంక్విబార్ (తరంగంబాడికి మరో పేరు) దాకా వెళ్లడం దండగా అని అడిగారు. దండగ కాదు. కానీ గోల్కొండ చూసిన కళ్లతో వెళ్తే ఉసూరుమంటారు. రెండేళ్ల కిందట మా అమ్మను తీసుకెళ్లాను. ఆటో దిగి, డేన్లు (డెన్మార్కువాళ్లు) కట్టిన డాన్స్‌బోర్గ్ కోటను చూసి, "ఇంతేనా? మన ఊళ్లో రైసుమిల్లు దీనికన్నా పెద్దది కదరా" అంది.

పైగా మేం వెళ్లింది శుక్రవారం. కోటలోని మ్యూజియానికి ఆ రోజు సెలవట. ముందే చూసుకోకపోవడం నా తప్పే. గేటుకు తాళం చూసి నాకు టెన్షన్, అమ్మకు నవ్వు. సరే వచ్చాం కదా అని ఒడ్డు వెంట నడిస్తే మాసిలామణి నాథర్ గుడి దగ్గర తేలాం. 1306లో, మారవర్మన్ కులశేఖర పాండ్యుడి కాలంలో కట్టిన శివాలయం. ముందు భాగాన్ని సముద్రం ఎప్పుడో మింగేసింది. మిగిలినదానికి అడ్డంగా బండరాళ్లు పోశారు. అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, "అయితే ఆ దొరలు రాకముందే ఇక్కడ ఊరుందన్నమాట" అంది. మూడొందల ఏళ్ల ముందే ఉంది మరి. నన్నడిగితే ముందు చూడాల్సింది ఈ గుడే. కోట ఎక్కడికీ పోదు, గుడికి ఆ భరోసా లేదు.

డేన్లు వచ్చిన కథ సినిమాకేమీ తీసిపోదు. 1619లో ముందుగా వచ్చిన ఓడను కారైకాల్ దగ్గర పోర్చుగీసువాళ్లు ముంచేశారు. బతికి బయటపడ్డ రోలాండ్ క్రాపె తంజావూరు నాయక రాజు కొలువుకు చేరాడు. మరుసటి ఏడాది నౌకాధిపతి ఓవె గెడ్డె ఆ రాజుతో ఒప్పందం చేసుకుని ఇక్కడ కోట మొదలుపెట్టాడు. ఆ రాజెవరో కాదు, తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడు. చేమకూర వెంకటకవిని పోషించిన ఆయన సంతకంతో డెన్మార్కు కోట లేచిందంటే నాకు భలే తమాషాగా అనిపించింది. ఊరి పేరు కూడా మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, తరంగాలు పాడే చోటు.

తెలుగు ముడి అక్కడితో తెగలేదు. 1706లో జర్మన్ క్రైస్తవ మిషనరీ త్సీగెన్‌బాల్గ్ ఇక్కడ దిగి, తమిళం నేర్చుకుని, 1715లో బైబిల్ కొత్త నిబంధనను తమిళంలో అచ్చువేశాడు. 1718 నాటి ఆయన చర్చి, న్యూ జెరూసలేం, కింగ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. ఆయన తర్వాత ఈ మిషన్‌లో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ చెన్నపట్నం వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు, ఆపైన జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన భాషలో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పేవి అవే. 1845లో డేన్లు ఊరిని ఈస్టిండియా కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు.

శనివారం మళ్లీ వచ్చి కోట లోపల చూశాం. నాణేలు, పింగాణీ, పాత పత్రాలు, ఓ గంట పని. కింది గదుల్లో ఒంటె మూపురాల్లా వంగిన కప్పులు మాత్రం తల పైకెత్తి చూడండి.

ఇక ప్రయాణం సంగతి. చెన్నై నుంచి సుమారు 280 కిలోమీటర్లు. దారిలో కల్పాక్కం పక్కన సద్రాస్‌లో డచ్చి కోట, చెక్కడాలున్న సమాధులు ఉన్నాయి, అరగంట ఆగితే చాలు. రైలైతే మైలాడుదురైలో దిగి బస్సు ఎక్కండి. ఊళ్లో బస తక్కువ, కాస్త ఖరీదు కూడా. మేం కారైకాల్‌లో దిగాం. మిట్టమధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, కోట ముందు మైదానంలో నీడన్నదే లేదు. పెద్దవాళ్లుంటే గొడుగు మరిచిపోవద్దు, నేను మరిచిపోయి రోజంతా తిట్లు తిన్నాను.