మొదటి టెలిస్కోపు కొనబోతున్న మేనకోడలికి

తల్లీ,

జీతంలోంచి కూడబెట్టి టెలిస్కోపు కొనుక్కుంటానని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఫోనులో అన్నీ చెప్పడం కుదరదని రాస్తున్నాను.

పెట్టె మీద ఎన్ని రెట్లు చూపిస్తుందని రాసుందో చూడకు. అద్దం వెడల్పు ఎంతో అడుగు. నేను మొదట కొన్నదానికి 76 మిల్లీమీటర్ల అద్దం. పెట్టె మీద మాత్రం 525 రెట్లు అని పెద్ద పెద్ద అంకెలు. అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెంచుకోవచ్చని, అది దాటితే బొమ్మ పెద్దదై మసకబారుతుందని అమ్మినవాళ్లు నాకు చెప్పలేదు. అంటే దాని సత్తా 150 రెట్లే. స్టాండు కాళ్లు పుల్లల్లా ఉండేవి. ఫోకస్ మర ముట్టుకుంటే చాలు, గురుగ్రహం ఊగిపోయేది. నెల తిరక్కుండానే అటకెక్కించేశాను. తర్వాత రెండేళ్లు ఆకాశం వైపే చూడలేదు. ఆ రెండేళ్లు పోయాయని ఇప్పటికీ బాధే. నీకలా జరగకూడదు.

నా మాట వింటే ఆరంగుళాల డాబ్సోనియన్ తీసుకో. 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం. నా పాతదానికంటే దాదాపు నాలుగింతల వెలుతురు పడుతుంది. దానికి మూడు కాళ్ల స్టాండు ఉండదు. నేల మీద చెక్క పీట, దాని మీద గొట్టం, అంతే. చేత్తో తోస్తే తిరుగుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. ఈ పద్ధతి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత మఠం సన్యాసి. ఓడ కిటికీల పాత గాజు అరగదీసి అద్దాలు చేసుకున్నాడు. తర్వాత వీధి పక్కన టెలిస్కోపు పెట్టి దారిన పోయేవాళ్లందరికీ చందమామని చూపించాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఎనిమిదంగుళాలది ఇంకా బాగా చూపిస్తుంది, కాదనను. కానీ బరువు 20 కిలోలు దాటుతుంది. బడి నుంచి అలిసొచ్చి, ఆ బరువుని అరుగు దించి పెరట్లోకి మోసేది నువ్వొక్కదానివే. ఆరంగుళాలదైతే గొట్టం ఒకసారి, పీట ఒకసారి తెచ్చుకోవచ్చు. ఇంకో జాగ్రత్త. గొట్టం అడుగున్నరే ఉండి ఫోకల్ దూరం 1000 అని రాసుంటే, ఆ దూరం పెంచడానికి ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) పెట్టేచోట లోపల లెన్సు దాచారని అర్థం. చవకగా వస్తుందన్నా దాని జోలికి పోకు. ఐపీసులు 25, 10 మిల్లీమీటర్లవి రెండు చాలు. 1200ని వాటితో భాగిస్తే 48 రెట్లు, 120 రెట్లు వస్తాయి. మొదటి ఏడాదికి అంతకు మించి అక్కర్లేదు.

డాబా మీద పెట్టకు. పగలంతా ఎండకి కాగిన శ్లాబు రాత్రి వేడి కక్కుతుంది, చుక్కలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. పెరట్లో మట్టినేలే మంచిది. కొబ్బరిచెట్లు వాయవ్యం వైపు కమ్మేసినా దిగులు లేదు. అటు పాలకొల్లు, భీమవరం వెలుతురూ, రొయ్యల చెరువుల లైట్లూ ఎలాగూ ఉంటాయి. మీ రాజోలుకి దక్షిణాన సముద్రం. అటు ఊళ్ల వెలుగు తక్కువ. వైశాఖంలో రాత్రి తొమ్మిది, పది గంటలకి అటు తిప్పితే ఒమేగా సెంటారీ కనిపిస్తుంది. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో లక్షల నక్షత్రాల గుంపు, గుప్పెడు ఇసక చల్లినట్టు ఉంటుంది. లండన్‌లో ఉన్నవాళ్లకి అది అసలు ఉదయించదు. మనకి పెరట్లోంచే దర్శనం!

చందమామని పున్నమినాడు చూడకు, వెలుగు తప్ప ఏమీ తెలియదు. శుద్ధ సప్తమి, అష్టమి నాడు చూడు, గుంతల నీడలు పొడుగ్గా పడి లోతు తెలుస్తుంది. పిల్లలకోడికి (కృత్తికల గుంపుకి), ఆరుద్ర దగ్గరున్న మూడు చుక్కల కింది మబ్బులాంటి నెబ్యులాకి అమావాస్య దగ్గర రోజులు మేలు. చూసే ముందు అరగంట గొట్టాన్ని బయట పెట్టి చల్లారనివ్వు. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకు, ఒక్క క్షణంలో కన్ను పోతుంది. పక్కింటి పిల్లలొస్తే వాళ్లకి ముందు ఈ మాటే చెప్పు.

మన తేమ సంగతి నీకు తెలుసు. పుష్యమాసంలో కొబ్బరాకుల నుంచి మంచు వానలా కారుతుంది. ముందు ఐపీస్, తర్వాత గొట్టం పైనున్న చిన్న అద్దం చెమరుస్తాయి. తడి మీద మూత పెట్టేస్తే బూజు పడుతుంది. లోపలికి తెచ్చి, ఆరిపోయాకే మూసెయ్యి. ఐపీసుల డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. అద్దాన్ని గుడ్డతో తుడవకు. దాని పైపూత అల్యూమినియం, గీత పడితే పోదు. కాస్త దుమ్ము ఉన్నా చూపుకేం కాదు. పెరట్లోకి వెళ్లేటప్పుడు కాళ్ల దగ్గర టార్చి వేసుకుంటూ నడు, పాములుంటాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే చీకటికి అలవాటైన కళ్లు చెదరవు.

ప్రయాణంలో కుదుపులకి అద్దాల వరుస తప్పుతుంది. సరిచెయ్యడం కష్టం కాదు గానీ మొదటిసారి పక్కన ఒకరుండాలి. పార్సిల్ రాగానే ఫోను చెయ్యి, ఆ ఆదివారమే చించినాడ వంతెన దాటి వచ్చేస్తాను. నేనొచ్చేదాకా వెనక స్క్రూలు తిప్పకు. అమ్మని రాత్రి భోజనం తొందరగా వండమను.

మీ మామయ్య