టెక్ సందేహాలు: పాట సిద్ధం, వినేవారేరీ?

సొంతంగా పాటలు కట్టి, పాడి, రికార్డు చేసుకునేవారి నుంచి ఈమధ్య వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చాను. అన్నిటి వెనుకా ఉన్న దిగులు ఒక్కటే: అండగా కంపెనీ లేనివారి పాట ఎవరి చెవిన పడుతుంది? తప్పక పడుతుంది. అందుకు కావలసింది పెద్ద అంకెలు కాదు, మీ కొత్త పాట కోసం వెతుక్కుంటూ వచ్చే కొద్దిమంది. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతో ఇస్తున్నవే.

ఇంట్లో రికార్డు చేసిన మూడు పాటలు సిద్ధంగా ఉన్నాయి. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్‌లలో నేరుగా అప్‌లోడ్ చేసే దారి కనిపించడం లేదు. ఏం చేయాలి?

నేరుగా కుదరదు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్, అంటే మీ పాటను ఈ సేవలకు చేర్చే సంస్థ, ఉండాలి. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ వంటివి ఆ పని చేస్తాయి. ఎంచుకునేముందు రుసుము ఎంత అన్నదానికంటే, కట్టడం మానేస్తే పాటలు ఏమవుతాయన్నది చూడండి. ఏటా చందా కట్టే పద్ధతిలో చందా ఆగితే పాటలు తొలగిపోయే అవకాశం ఉంది. పాటకు ఒక్కసారే రుసుము తీసుకునే సీడీ బేబీ వంటివి వచ్చే ఆదాయంలో కొంత వాటా ఉంచుకుంటాయి. ఏడాదికి ఒకటో రెండో పాటలు చేసేవారికి ఈ రెండో పద్ధతే నయమని నా అభిప్రాయం.

పాటను ఎంపీ3గా కాక, ధ్వనిని కుదించని వేవ్ (WAV) ఫైలుగా ఇవ్వండి. ముఖచిత్రం చతురస్రంగా, ఒక్కో వైపు 3000 పిక్సెళ్లు ఉండేలా చూసుకోండి. మీ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాయాలో ముందే తేల్చుకుని ప్రతి పాటకూ అదే వాడండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పాట మరో కళాకారుడి పేజీలోకి వెళ్లిపోవచ్చు. ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే గుర్తింపు కోడ్ వస్తుంది. దాన్ని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే ఫైలును, అదే కోడ్‌తో, అవే వివరాలతో ఇస్తే పాత ప్లేల (పాటను ఎన్నిసార్లు విన్నారన్న) లెక్క సాధారణంగా కొత్తదానికి కలుస్తుంది.

చాలామంది తొందరపడేది విడుదల తేదీ దగ్గర. పాట పూర్తయిన మర్నాడే బయటికి వదలాలని అనిపించడం సహజమే, కానీ మూడు నాలుగు వారాల తర్వాతి తేదీ పెట్టండి. కళాకారుల కోసం స్పాటిఫై నడిపే ‘స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్’ ద్వారా, ప్లేలిస్టులు కూర్చే అక్కడి ఎడిటర్లకు పాటను పరిచయం చేసే వీలు విడుదలకు ముందే ఉంటుంది, తర్వాత ఉండదు. కనీసం 7 రోజుల ముందు పంపితే, ఎడిటర్లు ఎంచుకోకపోయినా ఆ పాట మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల జాబితాలో చేరుతుంది. ఇలా ఒకసారికి ఒక్క పాటనే పంపగలరు. కాబట్టి మూడింటినీ ఒకే రోజు వదిలితే దక్కేది ఒక్క అవకాశం, విడివిడిగా వదిలితే మూడు.

నా పాట మిగతావారి పాటల కంటే మెల్లగా వినిపిస్తోంది. ఇంకా శబ్దం పెంచి మళ్లీ ఎక్కించనా?

వద్దు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలమానం) స్థాయికి సర్ది వినిపిస్తుంది. మీరు నొక్కి నొక్కి పెంచిన శబ్దాన్ని అది మళ్లీ తగ్గిస్తుంది, నలిగిపోయిన ధ్వని మాత్రం అలాగే మిగులుతుంది. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది, దానితో కొలిచి చూడండి. కొలత సరిగానే ఉంటే లోపం మిక్సింగ్‌లో ఉంది. చాలాసార్లు గొంతు వాయిద్యాల కింద మునిగిపోవడమే అసలు కారణం.

‘లక్ష ప్లేలు తెప్పిస్తాం, పెద్ద ప్లేలిస్టుల్లో పెట్టిస్తాం’ అంటూ ఒక సంస్థ సందేశం పంపింది. డబ్బు కట్టవచ్చా?

కట్టకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణాలున్నాయి.

మొదటిది, ప్లేల సంఖ్యకు ముందుగా హామీ ఇవ్వగలిగేది మనుషులు వినని చోటే. ఆ ప్లేలు బాట్లవి, అంటే మనుషుల్లా నటిస్తూ పాటను ఆడించే ప్రోగ్రాములవి. పాట 30 సెకన్లు నడిస్తే స్పాటిఫై ఒక ప్లేగా లెక్కిస్తుంది, బాట్లు సరిగ్గా ఆ కొలతకు తగ్గట్టు ఆడతాయి. 2024 నుంచి ఒక పాటకు బొత్తిగా దొంగ ప్లేలే వస్తున్నట్టు తేలితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని మీ ఖాతాలో రాయవచ్చు, పాటనే తీసేయవచ్చు. అదే ఏడాది నుంచి అమలైన మరో నియమం ప్రకారం, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని పాటకు రికార్డింగు రాయల్టీ జమ కాదు. చిన్న కళాకారులకు ఇది అన్యాయమైన నియమమనే నేను భావిస్తాను. ఆ గీత దాటాలన్న ఆత్రంతోనే చాలామంది ఈ ఉచ్చులో పడుతున్నారు.

రెండో నష్టం కంటికి కనిపించదు, అందుకే ఎక్కువ ప్రమాదకరం. మీ పాట విన్నవారు ఇంకేం వింటున్నారు, దాన్ని దాచుకున్నారా, మధ్యలో దాటేశారా అన్న గుర్తులతోనే ఈ సేవలు పాటను కొత్తవారికి సిఫారసు చేస్తాయి. బాట్లు పొంతన లేని వేల పాటల మధ్య మీ పాటను ఆడించేసరికి ఆ లెక్క చెడిపోతుంది. వయొలిన్ మీద మెల్లగా సాగే మీ పాట డ్యాన్స్ పాటలు కోరుకునేవారి ముందుకు వెళ్తుంది. వారు దాటేస్తారు. దాంతో సిఫారసు ఇంకా తగ్గుతుంది. నిజమైన శ్రోతలను చేరే దారిని డబ్బు కట్టి మూసుకున్నట్టే.

మీరు అడగకుండానే మీ పాట అలాంటి ప్లేలిస్టులో చేరినా గమనించండి. శ్రోతలంతా హఠాత్తుగా ఒకే నగరం నుంచి రావడం, ప్లేలు వేలల్లో ఉన్నా దాచుకున్నవారు ఒక్కరూ లేకపోవడం దాని లక్షణాలు. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రకటన ఇవ్వడం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో యూట్యూబ్‌లోనో పాటలోని ఒక ముక్కను డబ్బు కట్టి చూపించడంలో తప్పు లేదు. అక్కడ మీరు కొనేది ఒక మనిషి చూపు మాత్రమే, వినాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. తక్కువ మొత్తంతో మొదలుపెట్టి, వచ్చినవారిలో ఎందరు పాటను దాచుకున్నారో చూసి ముందుకు వెళ్లండి.

నేనే రాసి పాడిన పాటను నా యూట్యూబ్ చానెల్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఇదెలా సాధ్యం?

క్లెయిమ్ ఎవరి పేరున ఉందో యూట్యూబ్ స్టూడియోలో చూడండి. చాలావరకు అది మీ డిస్ట్రిబ్యూటరే అయి ఉంటుంది. పాట ఇచ్చేటప్పుడు కంటెంట్ ఐడీ సేవకు (యూట్యూబ్ వీడియోల్లో పాటను గుర్తుపట్టే ఏర్పాటు) ఒప్పుకుంటే, ఆ పాట ఎక్కడ వినిపించినా యంత్రం పట్టుకుంటుంది, మీ చానెల్‌నూ వదలదు. మీ చానెల్‌కు మినహాయింపు ఇవ్వమని డిస్ట్రిబ్యూటర్‌ను కోరండి. ఇది చానెల్‌కు శిక్షగా పడే స్ట్రైక్ కాదు, చానెల్‌కు ముప్పు లేదు.

క్లెయిమ్ పేరు తెలియనివారిదైతే మీరు వాడిన లూపుల (ముందే రికార్డు చేసి పెట్టిన, పదేపదే వినిపించే సంగీతపు ముక్కల) సంగతి ఆలోచించండి. ఎవరైనా కొనుక్కోగల లూపు లేదా బీట్ అయితే, దాన్నే వాడిన మరొకరు తమ పాటను కంటెంట్ ఐడీలో నమోదు చేసి ఉండవచ్చు. లైసెన్సు వివరాలతో అభ్యంతరం తెలపండి. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది. అలాంటి లూపులున్న పాటను మీరూ కంటెంట్ ఐడీకి ఇవ్వకూడదు.

వీడియోలు పెట్టీ పెట్టీ అలసిపోయాను. ఫాలోవర్లు పెరిగినా పాట వినేవారు పెరగడం లేదు. నా సమయం ఎక్కడ పెట్టాలి?

చిన్న వీడియోలు మానవద్దు, తగ్గించండి. మిగిలిన సమయాన్ని శ్రోతల ఈమెయిల్ చిరునామాలు సేకరించడానికి ఇవ్వండి. పాతకాలపు సలహాలా అనిపించినా దీన్నే అన్నిటికంటే గట్టిగా నమ్ముతాను. వీడియో వేదికల మీద మీ ఫాలోవర్లలో మీ పోస్టు ఎందరికి కనిపించాలో ఆ వేదికే నిర్ణయిస్తుంది. ఖాతా ఆగిపోతే వారందరూ ఒక్క రోజులో దూరమవుతారు. ఒకప్పుడు సంగీతకారులకు పుట్టిల్లులాంటి మైస్పేస్, 2015 వరకు అక్కడ చేరిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకుంది. వేరే ప్రతి ఉంచుకోనివారిలో చాలామందికి అవి మళ్లీ దొరకలేదు. మాస్టర్ ఫైళ్లు (పాటల అసలు రికార్డింగులు) రెండు చోట్ల, చిరునామాల జాబితా మీ సొంత కంప్యూటర్‌లో ఉండాలనడం అందుకే.

చిరునామాలు రావడానికి, కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటు మంచి మార్గం. పాట ధరను మీరే నిర్ణయించవచ్చు, తోచినంత ఇవ్వమనీ అడగవచ్చు. డిజిటల్ అమ్మకంలో ఆ సంస్థ 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు వేరు. కొన్నవారు ఒప్పుకుంటే వారి ఈమెయిల్ మీకు చేరుతుంది. కచేరీలో అయితే వేదిక పక్కన ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, చిరునామా ఇచ్చినవారికి ఇంకా విడుదల కాని పాటను పంపండి.

ఉత్తరాలు తరచుగా అక్కర్లేదు, కొత్త పాటకు ఒకటి చాలు. ఆ పాట ఎలా పుట్టిందో నాలుగు మాటలు, వినడానికి ఒక్క లింకు రాసి పంపండి. లింకులు ఎక్కువైతే ఏదీ నొక్కరు. జవాబు రాసినవారికి మీరే స్వయంగా బదులివ్వండి. చిరునామా ఇవ్వనివారిని జాబితాలో చేర్చకండి. వద్దనుకున్నవారు తప్పుకునే లింకు ప్రతి ఉత్తరం చివర ఉండాలి, మెయిల్‌చింప్ వంటి సేవలు దాన్ని వాటంతటవే జతచేస్తాయి.