బావగారి జీతం చూసి మీరు అప్పు చేయకండి

ప్రశ్న: నా వయసు 39. యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మతో ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఏడాదికి మొత్తం జీతం 13.80 లక్షలు, అందులో సగం బేసిక్. నెలకు ఆరున్నర వేల పైగా పన్ను కోసుకుంటున్నారు. మా అక్క భర్త 2008 డీఎస్సీలో ఎంపికైన స్కూల్ అసిస్టెంట్. నెలకు 96 వేల జీతం, రూపాయి పన్ను లేదు. మేం కట్టే పన్నులతో వాళ్లకు జీతాలు ఇస్తున్నారు. వాళ్లు కట్టినా అది ప్రభుత్వ డబ్బు తిరిగి ప్రభుత్వానికే చేరడం కదా? ఆయన పర్సనల్ లోనుతో కొన్న స్థలం ధర బాగా పెరిగింది. నేను కూడా మైదుకూరు రోడ్డులో 13 లక్షలకు ఒక స్థలం చూశాను. 14 శాతం వడ్డీకి 8 లక్షల పర్సనల్ లోను, బంగారం మీద 5 లక్షలు తీసుకుందామని ఆలోచన. తక్కువ పడితే తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. బ్యాంకులో 1.40 లక్షలు ఉన్నాయి. నెలకు పది వేల చీటీ కడుతున్నాను, ఆరు నెలల్లో 2 లక్షలు వస్తాయి. కట్టిన పన్నంతా రీఫండు ఇప్పిస్తానని ఊళ్లో ఒకాయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఇందులో ఉన్న పొరపాటు. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న బంధువు అప్పు చేసి ఆస్తి కొంటాడు, దాన్ని చూసి ప్రైవేటు ఉద్యోగి అదే అప్పు అదే ధీమాతో చేస్తాడు. పన్ను మీద ఉన్న కోపం ఆ అప్పుకు ఒక సమర్థనలాగా పనికొస్తుంది. అందుకే ముందు పన్ను లెక్క తేల్చి, తర్వాత అప్పు సంగతికి వస్తాను.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మీ జీతం నుంచి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 13.05 లక్షలు మిగులుతాయి. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20 వేలు, ఆపైన 4 లక్షలకు 10 శాతం చొప్పున 40 వేలు, మిగిలిన 1.05 లక్షలకు 15 శాతం చొప్పున 15,750 రూపాయలు అవుతుంది. 4 శాతం సెస్సు కలిపితే మీరు కట్టేది 78,780 రూపాయలు. మీ బావగారి జీతం ఏడాదికి 11.52 లక్షలు. అందులో 75 వేలు తీసేస్తే 12 లక్షల లోపే ఉంటుంది కాబట్టి రిబేటు, అంటే పన్ను మాఫీ వల్ల పన్ను పడదు. అదే 96 వేల జీతం మీ ఫ్యాక్టరీలో తీసుకునే మనిషికి కూడా పన్ను పడదు. ఆయన జీతం రేపు 13.80 లక్షలకు చేరితే, అక్కడ జీతాల బిల్లు చేసే అధికారి (డీడీవో) అదే 78,780 రూపాయలు కోసి మిగిలింది ఖాతాలో వేస్తారు. పన్ను శ్లాబుల్లో ప్రభుత్వ ఉద్యోగికి వేరే వరుస ఏదీ లేదు.

ప్రభుత్వ డబ్బు ప్రభుత్వానికే తిరిగి చేరుతుందన్న మాట కూడా లెక్కకు నిలవదు. జిల్లా పరిషత్ ఉపాధ్యాయుడి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, ఆయన కట్టే ఆదాయపు పన్ను కేంద్రానికి వెళ్తుంది. కేంద్రం పంచవలసిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలన్నింటికీ కలిపి వస్తుంది, 15వ ఆర్థిక సంఘం సిఫారసు ప్రకారం 2025-26 దాకా అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. సెస్సు అసలు ఆ పంపకంలోకే రాదు. పాఠం చెప్పినందుకు ఆయనకు వచ్చిన జీతం, మిషను బాగుచేసినందుకు మీకు వచ్చిన జీతం, రెండూ సొంత కష్టార్జితాలే. అందులోంచి పోయిన పన్ను ఇద్దరికీ ఒకేలా పోయిన డబ్బే.

ఇక అసలు పన్ను కట్టేది ఎవరన్న ప్రశ్నకు వస్తాను. 2025-26 కేంద్ర బడ్జెట్ లెక్కల్లో ప్రతి రూపాయి రాబడిలో ఆదాయపు పన్ను 22 పైసలు, జీఎస్టీ తదితరాలు 18 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు, అప్పు 24 పైసలు. మీ ఫ్యాక్టరీలో బస్తాలు మోసే కాంట్రాక్టు కూలీ ఆదాయపు పన్ను కట్టడు. కానీ సబ్బు కొన్నా, ఫోను రీచార్జ్ చేసుకున్నా జీఎస్టీ కడతాడు, బండికి పెట్రోలు పోయిస్తే రాష్ట్రానికి వ్యాట్ కడతాడు. అతని సంపాదనలో ఖర్చయ్యే భాగం మనకంటే ఎక్కువ కాబట్టి ఆ భారం అతని మీద ఎక్కువగానే పడుతుంది. మనమే పన్నులు కడుతున్నామని జీతగాళ్లు, వాళ్లు ప్రభుత్వం వాళ్లైనా ప్రైవేటు వాళ్లైనా, అనుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. పన్ను మీద ఇంత ఆవేదన ఉన్న మీరు కొనాలనుకుంటున్న స్థలానికి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున 97,500 రూపాయలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కట్టవలసి వస్తుంది. ఆ మొత్తం మీ ఏడాది ఆదాయపు పన్ను కంటే ఎక్కువ. ఉత్తరంలో దాని ఊసే లేదు.

మీ ఫిర్యాదులో నిజమున్న చోటు ఒకటుంది. పదవీ విరమణ సమయంలో ప్రభుత్వ ఉద్యోగి గ్రాట్యుటీకి, సెలవుల నగదుకు పన్ను ఉండదు. మీకు గ్రాట్యుటీలో 20 లక్షల దాకా, సెలవుల నగదులో 25 లక్షల దాకా మాత్రమే మినహాయింపు ఉంటుంది. ఈ తేడాకు సరైన కారణం నాకూ కనిపించదు. అయితే మీ బేసిక్ స్థాయిలో ఆ పరిమితులు దాటే అవకాశం తక్కువ.

మీ ఇద్దరి మధ్య అసలు తేడా పన్నులో లేదు. మీ బావగారికి 62 ఏళ్లు వచ్చేదాకా జీతం వస్తుంది, కుటుంబానికి ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా (ఏపీజీఎల్ఐ) ఉంది, వాటాలతో నడిచే పింఛను (సీపీఎస్) ఖాతాలో ఆయన వేసే 10 శాతానికి సమానంగా ప్రభుత్వం మరో 10 శాతం వేస్తుంది. మీకు పీఎఫ్ ఉంది కానీ, పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పింఛను లెక్కకు తీసుకునే జీతం 15 వేలకే ఆగిపోతుంది. మొత్తం సర్వీసు చేసినా నెలకు వచ్చేది 7,500 రూపాయల చుట్టూనే ఉంటుంది. కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా మీ ఉద్యోగంతోనే ముగుస్తుంది. సిమెంటుకు గిరాకీ తగ్గినా, కిల్న్ (సిమెంటు బట్టీ) ఆపినా, యాజమాన్యం మారినా, మీకు ఒక నెల నోటీసు చేతికి రావచ్చు. అప్పుడు యర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు ఫ్యాక్టరీల్లో ఇదే జీతానికి ఇదే పని దొరకాలి, అదీ అదే గిరాకీ తగ్గిన కాలంలో. మీ బావగారికి బ్యాంకు అప్పు ఇచ్చింది ఈ తేడాను చూసే. మీకు కూడా ఇస్తామన్నారంటే మీ ఉద్యోగం భద్రంగా ఉందని అర్థం చేసుకోకండి. మీరు ఈఎంఐ కట్టగలిగినంత కాలం వాళ్లకు లాభమని మాత్రమే దాని అర్థం.

ఇప్పుడు మీ అప్పు లెక్క చూద్దాం. పన్ను, పీఎఫ్, వృత్తి పన్ను పోను మీ చేతికి వచ్చేది నెలకు 1,01,300 రూపాయలు. కారు ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 68 వేలని, పాలసీలకు 4 వేలని మీరు జతపరిచిన కాగితంలో ఉంది. చీటీకి పది వేలు పోను మిగిలేది 19,300 రూపాయలు. 8 లక్షల లోనుకు 14 శాతం మీద, అయిదేళ్లకు ఈఎంఐ 18,600 దాటుతుంది. చేతిలో ఏడు వందలు మిగులుతాయి. బ్యాంకులో ఉన్న 1.40 లక్షల్లో 97,500 రిజిస్ట్రేషన్‌కు పోతుంది. ఏడాది తిరిగేసరికి బంగారం మీద తీసుకున్న 5 లక్షలు వడ్డీతో సహా కట్టాలి. ఏ డబ్బుతో కడతారు? మీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా నాకు జవాబు దొరకలేదు. బహుశా అందుకే రెండు రూపాయల వడ్డీ ప్రస్తావన వచ్చింది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నోటు రాసిచ్చి ఆ డబ్బు తెచ్చి స్థలంలో పెట్టడం ఆర్థిక ప్రణాళిక అనిపించుకోదు, దాన్ని ఏ పరిస్థితిలోనూ నేను సమర్థించను. పర్సనల్ లోనుకు మొదటి ఏడాది మీరు కట్టే వడ్డీ ఒక్కటే 1.04 లక్షలు దాటుతుంది. చట్ట ప్రకారం కట్టే 78,780 మీకు అన్యాయంగా తోస్తోంది. కోరి నెత్తిన పెట్టుకునే లక్ష మాత్రం లెక్కలోకి రాలేదు.

మీరు ముందు చేయవలసిన పని అత్యవసర నిధి. దీనికంటే ముందు మరే పనీ లేదు. ప్రభుత్వ ఉద్యోగికి మూడు నెలల ఖర్చు సరిపోవచ్చు, ఎందుకంటే అతని జీతం ఆగదు, ఆసుపత్రి లాంటి హఠాత్తు ఖర్చు మాత్రమే రావచ్చు. ఒక్కరి సంపాదన మీద అయిదుగురు బతికే ప్రైవేటు ఉద్యోగి ఇంట్లో తొమ్మిది నెలల ఖర్చు ఉండాలని నా అభిప్రాయం. ఆరు చాలని కొందరు సలహాదారులు చెబుతారు. బడి ఫీజులు, అమ్మగారి మందులు, కారు ఈఎంఐ ఉన్న ఇంటికి నేను ఆ మాట చెప్పలేను. నెలకు 68 వేల చొప్పున 6.12 లక్షలు కావాలి. భయపడకండి, దీనికి మార్గం మీ లెక్కలోనే ఉంది. ఈఎంఐ కట్టడానికి సిద్ధమైన 18,600 రూపాయలను ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలలకు 1.11 లక్షలు, చీటీ 2 లక్షలు, ఇప్పుడున్న 1.40 లక్షలు కలిపి 4.51 లక్షలవుతాయి. స్థలం తొందరలో చీటీని ముందే భారీ తగ్గింపుకు పాడుకోకండి, చివరిదాకా ఆగండి. తర్వాత చీటీ పది వేలు కూడా కలిపి నెలకు 28,600 వేస్తే మరో ఆరు నెలల్లోపే నిధి నిండుతుంది. అంటే మీకు కావలసింది ఒక్క ఏడాది.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది రెండు మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా ఉంచండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి. వడ్డీ అర శాతం ఎక్కువ వస్తుందని ఎవరికీ చేబదులుగా ఇవ్వకండి, అక్కగారు అడిగినా సరే. ఇంట్లో ఉన్న బంగారం ఈ నిధికి వెనక ఉండే రెండో రక్షణ. దాన్ని స్థలం కోసం తాకట్టు పెడితే ఆపద వచ్చిన రోజున అది బ్యాంకు లాకర్లో ఉంటుంది, మీ చేతిలో ఉండదు.

పన్ను తగ్గించుకునే నిజమైన దారి మీకు ఒకటుంది. జీతం నిర్మాణాన్ని మార్చి, బేసిక్‌లో 14 శాతాన్ని యజమాని వాటాగా జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌లో వేయమని హెచ్‌ఆర్ విభాగాన్ని అడగండి. మీ విషయంలో అది ఏడాదికి 96,600 రూపాయలు. పన్నుకు లోబడే ఆదాయం 12.08 లక్షలకు దిగి, 12 లక్షలు దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా చూసే మార్జినల్ రిలీఫ్ వల్ల సెస్సుతో కలిపి పన్ను 8,736కు తగ్గుతుంది. చేతికొచ్చే జీతంలో నెలకు రెండు వేల రెండు వందలు మాత్రం తగ్గుతాయి. నిధి నిండడం ఒక నెల ఆలస్యమైనా ఈ ఒక్కదానికి నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే మీకు సరిపడా లేని పింఛను ఇక్కడ మొదలవుతుంది.

రీఫండు ఇప్పిస్తానన్న ఆయన దగ్గరికి మాత్రం వెళ్లకండి. మీరు పాత విధానంలో నిజమైన అద్దె, పీఎఫ్, ప్రీమియాలు అన్నీ చూపినా పన్ను ఇప్పటికంటే పెరుగుతుంది. అంటే ఆయన పూర్తి రీఫండు చూపించాలంటే లేని విరాళాలు, లేని ఇంటి రుణం రాయవలసిందే. ఇలాంటి తప్పుడు రిటర్నుల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశంలో చాలా చోట్ల సోదాలు చేసింది. తప్పుడు వివరాలు ఇస్తే ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా పడుతుంది. నోటీసు మీ పాన్ మీద వస్తుంది, కమీషన్ తీసుకున్న మనిషి ఫోను ఎత్తడు. మీ సహోద్యోగులు ఎవరైనా ఇప్పటికే అలా చేసి ఉంటే, నోటీసు రాకముందే తప్పు సరిదిద్దే అప్‌డేటెడ్ రిటర్ను వేసుకోమని చెప్పండి.

బీమా పనిని ఏడాది చివరికి వాయిదా వేయకండి. కంపెనీ పాలసీతో సంబంధం లేకుండా భార్యాపిల్లలకు అందరికీ కలిపి వర్తించే 10 లక్షల ఫ్లోటర్ పాలసీ, అమ్మగారికి విడిగా ఒక ఆరోగ్య పాలసీ తీసుకోండి. మీ పేరున కోటిన్నరకు టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలకు జీఎస్టీ తీసేశారు కాబట్టి ఈ రెండింటి ఖర్చు మునుపటికంటే తగ్గింది. నాలుగు వేలు కడుతున్న పాత పాలసీల వివరాలు మీరు పంపలేదు. వాటిని ఆపాలా, పెయిడప్ (ప్రీమియం ఆపి, తగ్గిన బీమాతో కొనసాగించడం) చేయాలా అన్నది పాలసీ కాగితాలు చూశాకే చెప్పగలను. టర్మ్ పాలసీ మాత్రం మీకు 40 నిండకముందే, మెడికల్ పరీక్షలో ఏదీ దాచకుండా తీసుకోండి. స్థలం గురించి నిధి నిండాక, కారు అప్పు తీరాక మళ్లీ రాయండి. అప్పుడు లేఅవుట్ అనుమతి కాగితాలు కూడా జతచేయండి.